నా పేరు మీద పెట్టిన పిండం

9 ఫిబ్రవరి 1978, గురువారం

అన్న పోయాడు. పొద్దున్న తొమ్మిదింటికి ఆఫీసుకు బయల్దేరుతూ, కారు తలుపు మీద చెయ్యి వేసి అలాగే కూలిపోయాడట. హాస్పిటల్‌కు చేరేలోపే అయిపోయింది. నేను ఎనిమిదో తరగతికి సంధులు చెబుతున్నాను. కబురు తెచ్చిన డ్రైవరు గుమ్మంలోనే నిలబడి ఏడిచాడు.

ఇంకేమీ రాయలేను.

10 ఫిబ్రవరి, శుక్రవారం

నిన్న సాయంత్రమే దహనం. ఫౌండ్రీ నుంచి జనరల్ షిఫ్టు వాళ్ళు ఇళ్ళకు పోకుండా ఆ బూట్లతోనే ఘాట్‌కు వచ్చారు. పర్సనెల్ మేనేజర్ పోతే కార్మికులు ఏడవడం నేనెక్కడా వినలేదు. బలరామ్ నిప్పు పెట్టాడు. ఇరవై ఏడేళ్ళవాడు, తండ్రికి ఒక్కడే కొడుకు. నిప్పు పెట్టి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డాడు.

ఇవాళ పేపర్లో ఫోటోతో వేశారు. "స్వర్ణరేఖ ఫౌండ్రీ పర్సనెల్ మేనేజర్ శ్రీ గణపతిరావు హఠాన్మరణం." కాంతం హిందీ చదవలేదు కాబట్టి చదివి వినిపించమంది. మధ్యలో రెండుసార్లు చదవడం ఆపాను. అన్న మీద ప్రేమ అనుకుని తను కూడా కళ్ళు తుడుచుకుంది.

గణపతిరావు నా పేరు.

ముప్పై ఎనిమిదేళ్ళలో ఈ మాట కాగితం మీద పెట్టడం ఇదే మొదలు. పెట్టాను కనుక మిగతాది కూడా రాసేస్తాను, లేకపోతే నిద్రపట్టేలా లేదు.

పోయిన అన్న అసలు పేరు సన్యాసి. మా నాన్న కన్న కొడుకు కాడు. చీపురుపల్లి దగ్గర మా ఊళ్ళో పక్కింటి ఆదిబాబు కొడుకు. కలరాలో ఆ ఇల్లంతా పోయింది, వీడొక్కడు మిగిలాడు. మా నాన్న ముసలయ్య అప్పటికే ఈ హిందీ ఊళ్ళో, ఫౌండ్రీలో ఖలాసీ, క్రేను గొలుసులు బిగించే పని. 1939లో మమ్మల్ని తీసుకురావడానికి ఊరు వచ్చినవాడు వాణ్ణి కూడా రైలెక్కించాడు. నాకంటే ఏడాది పెద్ద. ఆ రోజుల్లో ఫౌండ్రీలో ప్రతి పనివాడికీ ఒక కొడుకును పనిలో పెట్టుకునే హక్కు ఉండేది. ఒక్క కొడుకునే, ఒక్కసారే. నాన్న నా పేరు రాయించాడు. ఆ పేరు మీద సన్యాసి వెళ్ళి చేరాడు. వాడు అడిగాడు, నాన్న ఇచ్చాడు. అంతే. నాకు చదువు మీద ఆశ, అడ్డు చెప్పలేదు.

ఒక తండ్రికి ఇద్దరు గణపతిరావులు ఉండరు కాబట్టి నన్ను స్కూల్లో ఇంటి పిలుపుతో చినబాబు అని చేర్చారు. అలాగే చినబాబు మాస్టారునయ్యాను. ఈ సంగతి తెలిసినవాళ్ళం నలుగురం. నాన్న ఎప్పుడో పోయాడు. నిన్న వాడు పోయాడు. మిగిలింది అమ్మ, నేను. వరహాలు వదినకు తెలియదు. బలరామ్‌కు తెలియదు. నా పక్కన కూర్చుని కళ్ళు తుడుచుకున్న కాంతానికి తెలియదు.

11 ఫిబ్రవరి, శనివారం

మూడో రోజు. నది ఒడ్డున బలరామ్ చేత పంతులు గారు పిండం పెట్టించారు. నేను తువ్వాలు పట్టుకుని వెనక నిలబడ్డాను. "గణపతిరావు ప్రేతకు" అని పంతులు గారు అన్నప్పుడల్లా నా వీపు మీద ఎవరో తట్టినట్టు ఉలిక్కిపడ్డాను.

కాకి వెంటనే వచ్చింది. ముద్ద మొత్తం తింది. ఆంధ్ర సంఘం కార్యదర్శి వెంకటరావు నా భుజం నొక్కి, అన్నగారికి ఏ కోరికా మిగల్లేదు మాస్టారూ, అదృష్టవంతులు, అన్నాడు.

ఆ ముద్ద నా పేరు మీద పెట్టింది. నేను బతికి ఉండగా, నేను చూస్తుండగా కాకి దాన్ని తిన్నది. ఇంటికొచ్చాక అన్నం సహించలేదు. కాంతం అడిగితే పుల్లతేన్పులు అన్నాను.

12 ఫిబ్రవరి, ఆదివారం

సాయంత్రం సంఘం హాల్లో సంతాప సభ. జీవిత విశేషాలు నేనే రాయాలని వెంకటరావు శుక్రవారమే పట్టుబట్టాడు. వెంకటరావు రైల్వేలో గార్డు. పచ్చజెండా ఊపాడంటే బండి కదలాల్సిందే. తమ్ముడివి, తెలుగు మాస్టారివి, నువ్వు కాకపోతే ఎవరు రాస్తారు అన్నాడు. మైల కాబట్టి స్కూలుకు సెలవు, తప్పించుకోవడానికి సాకు కూడా లేదు.

రాయడం కష్టం కాలేదు. అదే నాకు విసుగు పుట్టించింది. వాడి గురించి అబద్ధం చెప్పాల్సిన అవసరం ఒక్క చోటే వచ్చింది.

ఆఫీసర్ అయ్యాక కూడా ప్రతి ఆదివారం కాసిడీహ్‌లో మన వాళ్ళ ఇళ్ళ మధ్య నులక మంచం మీద కూర్చుని, అడిగినవాళ్ళకు ఊరికి ఉత్తరాలు రాసిపెట్టేవాడు. ఏటా సింహాచలం చందనానికి వెళ్ళేవాడు. అక్కడ కలెక్టరు తెలిసినా ధర్మదర్శనం వరసలోనే నిలబడేవాడు. మన గుడిలో వంటశాల కట్టేటప్పుడు తానే ఇటుకలు మోశాడు, పక్కనున్నవాళ్ళు ఫోటో తీద్దామంటే కోప్పడ్డాడు. మా అమ్మను కన్నతల్లిలా, అంటే అందరూ నిజంగానే కన్నతల్లి అనుకునేలా, తన బంగళాలోనే ఉంచుకున్నాడు. నా ఇంట్లో రెండు గదులు, అమ్మకు కంపెనీ హాస్పిటల్ దగ్గర ఉండాలి అని నేనూ సరే అన్నాను. పనికి కొత్తగా వచ్చినవాళ్ళను జాబితా చూసి పిలిచేవాడు కాదు. కాగితం పక్కన పెట్టి, "నీ పేరు నువ్వే చెప్పు నాయనా" అనేవాడు. అది వాడి మర్యాద అని రాశాను.

చివర "తండ్రి ముసలయ్య గారి పేరు నిలబెట్టిన జ్యేష్ఠ పుత్రుడు" అని చదివాను. చప్పట్లు కొట్టకూడదు కాబట్టి అందరూ తలలు ఊపారు.

సభ అయ్యాక క్యాంటీన్‌లో పని చేసే నూకమ్మ వచ్చి నా కాళ్ళకు దండం పెట్టింది. భర్త పోయాక ఆమెకు ఆ పని ఇప్పించింది వాడే. "ఆ బాబు రగతమే గదా నీది," అంది. నేను కాళ్ళు వెనక్కి లాక్కున్నాను. వినయం అనుకుంది.

13 ఫిబ్రవరి, సోమవారం

ఊరికే కూర్చున్నాను. కాంతం పనులు చెప్పడం మానేసింది. అదొక్కటే లాభం.

14 ఫిబ్రవరి, మంగళవారం

బలరామ్ వచ్చాడు. పదకొండో రోజు పెద్దకర్మకు పంతులు గారికి పేర్లు కావాలట. పోయిన మనిషి పేరు, ఆయన తండ్రి, తాత, ముత్తాత. వాడికి తెలుగు మాట్లాడటం వచ్చు గానీ రాయడం రాదు. చిన్నాన్నా, మీరు తెలుగులో రాసిచ్చెయ్యండి, ఆప్ హీ కో మాలూమ్ హోగా, మీకే తెలిసి ఉంటుంది, అన్నాడు.

రాశాను. గణపతిరావు. ముసలయ్య. పోతురాజు. వరహాలయ్య. నా చేతిరాత స్కూల్లో అందరూ మెచ్చుకునేది, గుండ్రంగా ఉంటుంది. మొదటి పేరు పైన "ప్రేత" అని కూడా నేనే రాశాను.

బలరామ్ దాన్ని మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ కాగితంలో ఉన్నది నా వంశం. వాడికి అందులో ఒక్కరూ ఏమీ కారు. సన్యాసికీ, వాళ్ళ నాన్న ఆదిబాబుకూ అందులో చోటే లేదు.

అయినా ఇదంతా ఇప్పుడు తవ్వితే ఎవరికి మేలు? బలరామ్ అదే కంపెనీలో ఇంజనీరు. తండ్రి వేరొకరి పేరుతో చేరాడని తెలిస్తే పైవాళ్ళు ఏమంటారో. పోయినవాడి పరువు కోసమైనా నోరు మూసుకోవాలి. అసలు ఆ రోజు నాకు జ్వరం రాకపోయి ఉంటే నేనే చేరేవాణ్ణి. జ్వరంతో పడి ఉన్నాను. అందుకే వాడు అడిగాడు, నాన్న ఇచ్చాడు.

15 ఫిబ్రవరి, బుధవారం

జ్వరం మరీ ఎక్కువేం కాదు.

16 ఫిబ్రవరి, గురువారం

అమ్మ పిలిపించింది. మధ్యాహ్నం బంగళాకు వెళ్ళాను. బిష్టుపూర్ దాకా బస్సు, అక్కడి నుంచి నడక. మోకాళ్ళు సహకరించడం మానేశాయి, నేనూ వాటిని బతిమాలడం మానేశాను.

అమ్మ వెనక వరండాలో కూర్చుని ఉంది. డెబ్బై ఎనిమిదేళ్ళు. జోగమ్మ అని ఎవరూ పిలవరు ఇప్పుడు, అందరికీ మాతాజీ. పనివాళ్ళను లోపలికి పొమ్మంది. నన్ను కింద కూర్చోమంది, చిన్నప్పుడు దెబ్బలు కొట్టబోయే ముందు కూర్చోబెట్టినట్టు.

"మూడో నాడు పెట్టిన ముద్ద ఎవులికి ఎల్లిందిరా?" అంది.

అవన్నీ మనకెందుకమ్మా, ఎవరికి చేరాలో దేవుడికి తెలుసు అన్నాను. క్లాసులో సమాధానం రానప్పుడు నేను వాడే గొంతు అది.

"దేవుడికేటి తెలుత్తాది. పేరెట్టి పిలిత్తేనే గదా సచ్చిపోయినోలు వత్తారు. ఆడు గుమ్మంకాడ నిల్సున్నాడు. మీరు నిన్ను పిలుత్తన్నారు."

నేను మొదలుపెట్టాను. బలరామ్ ఉద్యోగం. కంపెనీ. వదిన మనసు. సంఘంలో మాట. పోయినవాడి గౌరవం. వరసగా చెప్పాను, ఒక్కటీ వదల్లేదు. అమ్మ మధ్యలో అడ్డు రాలేదు. అంతా అయ్యాక చెంగుతో మొహం తుడుచుకుంది.

"ఇయ్యన్నీ ఆడి కోసమా, నీ కోసమా?"

నేను చెప్పుల కోసం వెతుక్కున్నాను.

"నాను సెప్పగల్ను. సెప్పను. పారిపోయినోడివి నువ్వు. సెప్పాల్సినోడివి నువ్వు."

బస్సు కోసం ఆగకుండా సాక్చి దాకా నడిచాను. ఆ సందడిలో ఎవరూ పలకరించకపోతే బాగుండుననుకున్నాను. ముగ్గురు పలకరించారు. ముగ్గురూ అన్నయ్య ఎంత మంచివాడో చెప్పారు.

17 ఫిబ్రవరి, శుక్రవారం

జ్వరం లేదు. ఆ రోజు నాకు జ్వరమే లేదు.

1940 జూన్. నాన్న కొత్త చొక్కా కుట్టించాడు. పేరు రాసుకునే ముందు కుర్రాళ్ళను లోపలికి తీసుకెళ్ళి పని చూపించేవారు. మేం ఎనిమిది మందిమి. పైన క్రేను గొలుసులకు బకెట్ వేలాడుతోంది, అందులో కరిగిన ఇనుము. అంత పెద్ద బకెట్‌ను కింద నుంచి చేతి సైగలతో నడిపిస్తున్నది మా నాన్న. నన్ను చూసి నవ్వాడు కూడా. అది వొంగి అచ్చులో పోసేటప్పుడు చుక్కలు ఎగిరాయి. నా పక్కన ఉన్న ముసలి పనివాడి భుజం మీద ఒకటి పడింది. అతను దాన్ని మెతుకు దులుపుకున్నట్టు దులుపుకుని మాటల్లో పడ్డాడు.

నేను పరుగెత్తాను. లాగు తడిసిపోయింది. గేటు దాటి, ఎటు పోతున్నానో తెలియకుండా స్టేషన్‌కు చేరి, కదులుతున్న బండి ఎక్కి చక్రధర్‌పూర్‌లో దిగాను. నాలుగు రోజులు అక్కడ ప్లాట్‌ఫారం మీద ఉన్నాను.

నేను పరుగెత్తిన కాసేపటికి సన్యాసి నాన్నకు అన్నం క్యారియర్ పట్టుకుని గేటు దగ్గరికి వచ్చాడు. గుమాస్తా పేర్లు పిలుస్తున్నాడు. "గణపతిరావ్, వల్ద్ ముసలయ్య." అంటే ముసలయ్య కొడుకు. మూడుసార్లు పిలుస్తారు. మూడోసారికి పలక్కపోతే పేరు కొట్టేస్తారు, తండ్రికి ఆ హక్కు పోయినట్టే. నాన్న లోపల క్రేను కింద ఉన్నాడు, నేను పారిపోయిన సంగతి ఇంకా తెలియదు. మూడోసారి పిలిచినప్పుడు వాడు క్యారియర్ కింద పెట్టి "హాజిర్" అన్నాడు.

నేను తిరిగొచ్చేసరికి వాడు ఇంట్లో అందరి ముందూ ఒకటే చెబుతున్నాడు. నాకు పని కావాలని నేనే బాబును బతిమాలాను, చినబాబు నా కోసం తప్పుకున్నాడు. నాన్న నన్ను కొట్టలేదు. ఆ తర్వాత పదకొండేళ్ళు బతికాడు, కానీ ఫౌండ్రీ సంగతులు నాతో ఎన్నడూ మాట్లాడలేదు. వాడు చెప్పిందే నేను నమ్మాను. పట్టుదలగా నమ్మాను. నమ్మీ నమ్మీ చివరికి వాడి మీద కోపం కూడా తెచ్చుకున్నాను. బంగళా వచ్చిన ఏడు ఒకసారి వాడి మొహం మీదే అన్నాను, నా పేరుతో బతుకుతున్నావని. "అవును" అన్నాడు. అని కాంతాన్ని టీ అడిగాడు.

ఇంకొకటి కూడా రాయాలి. ఏటా మహాలయ అమావాస్యకు వాడు ఎవరికీ చెప్పకుండా దోముహానీ వెళ్ళేవాడు, రెండు నదులు కలిసే చోటికి. ఆదిబాబుకు నువ్వులు, నీళ్ళు వదలడానికి. ఇంట్లో ముసలయ్య కొడుకు, నది దగ్గర ఆదిబాబు కొడుకు. రెండుసార్లు నన్ను తోడు తీసుకెళ్ళాడు. పోయిన ఏడు తడి పంచె పిండుకుంటూ, "నా తర్వాత మా అయ్యకు నీళ్ళు ఆగిపోతాయిరా" అన్నాడు. నన్నేమీ అడగలేదు. నేను రిక్షా కోసం చూస్తున్నట్టు అటు తిరిగాను.

వాళ్ళ నాన్న సంగతి చెప్పాడు. తన సంగతి చెప్పుకోలేదు. ఎల్లుండి వాడికీ నీళ్ళు లేవు. నా చేతిరాతే ఆపింది.

18 ఫిబ్రవరి, శనివారం

చెప్పాను.

సాయంత్రం నాలుగింటికి, బంగళా ముందు గదిలో. వదిన, బలరామ్, అమ్మ. కాంతాన్ని కూడా తీసుకెళ్ళాను, మళ్ళీ ఇంట్లో ఇంకోసారి చెప్పే ఓపిక లేక. చొక్కా కుట్టించిన దగ్గర మొదలుపెట్టి, లాగు తడిసిన సంగతితో సహా చెప్పాను. ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పినవాణ్ణి, ఒక్క వాక్యమూ సరిగ్గా పూర్తి చెయ్యలేకపోయాను.

బలరామ్ లేచి నిలబడ్డాడు. అరుస్తాడనుకున్నాను. హిందీలో మెల్లగా అడిగాడు, "పాపా కా అస్లీ నామ్ క్యా థా?"

సన్యాసి అని చెప్పాను. వాడు దాన్ని రెండుసార్లు తనలో తాను అనుకున్నాడు, కొత్త ఊరి పేరు గుర్తుపెట్టుకునేవాడిలా. జేబులోంచి నేను రాసిచ్చిన కాగితం తీసి చింపాడు. తర్వాత పేర్లు అడిగాడు. తండ్రి ఆదిబాబు అన్నాను. అంతకు పైన నాకు తెలియదు. అమ్మ చెప్పింది. ఆదిబాబు తండ్రి బంగార్రాజు, ఆయన తండ్రి నూకయ్య. పక్కింటివాళ్ళ మూడు తరాలు ఆమె ఇన్నేళ్ళూ నోట్లో పెట్టుకుని ఉంది. బలరామ్ వాటిని హిందీ అక్షరాల్లో రాసుకున్నాడు.

వదిన ఆఖరికి నోరు విప్పింది. "ఎవులైనా పేరెట్టి పిలిత్తే ఎంటనే పలికీవోరు కాదు. సెవుడేమో అనుకొని రెండుపాల్లు డాక్టరుకాడికి తీసుకెల్లినాను." నా వైపు చూసింది. "మొగుడి పేరు నోటంట రాకూడదని ముప్పై ఏల్లు నానెవులి పేరు దాసుకున్నాను, సిన్నబాబూ? నీదా?"

ఆమె లేచి లోపలికి వెళ్ళిపోయింది. మేం బయల్దేరేదాకా బయటికి రాలేదు.

దారిలో కాంతం రిక్షాలో ఆ చివరకు జరిగి కూర్చుంది.

19 ఫిబ్రవరి, ఆదివారం

పెద్దకర్మ అయింది. పంతులు గారు పేరు అడిగితే బలరామ్ గట్టిగా సన్యాసి అన్నాడు. పంతులు గారు ఆగిపోయి నా వంక చూశారు. గుమికూడిన వాళ్ళంతా నా వంకే చూశారు. నలభై మంది ఉంటారు. లేచి నిలబడి మళ్ళీ చెప్పాను. నిన్నటికంటే తక్కువ మాటల్లో అయిపోయింది. పేరు నాది, పారిపోయింది నేను, నా చోట నిలబడి పలికింది అతను, అతని అసలు పేరు ఇది.

వెనక ఎవరో నవ్వారు. అది కూడా న్యాయమే.

వదిన వచ్చింది. నాతో మాట్లాడలేదు. పంతులు గారు సన్యాసి, సన్యాసి అని చదువుతుంటే కళ్ళు మూసుకుని వింటూ కూర్చుంది. కాకుల వైపు నేను చూడలేదు. నేను బలరామ్ చేతుల వైపే చూస్తున్నాను. దోసిట్లోంచి చివరి చుక్క దాకా నీళ్ళు వదిలాడు. చాలా అలసిపోయాను, కానీ ఇంటికొచ్చి అన్నం తిన్నాను.

20 ఫిబ్రవరి, సోమవారం

కాంతం మాట్లాడటం లేదు. పక్కింటావిడతో అంటుంటే విన్నాను, నేను పారిపోయినందుకు కాదట. అబద్ధం చెప్పినందుకూ కాదట. మూడో రోజు నా పేరు మీద పిండం పెడుతుంటే నోరు మూసుకుని నిలబడ్డందుకు. పొద్దుటి నుంచి మూడుసార్లు పసుపు రాసుకుని, మెడలో సూత్రాలు పట్టుకుని తిరుగుతోంది.

మధ్యాహ్నం తానే పంతులు గారిని ఇంటికి పిలిపించింది. బతికున్నవాడికి పిండం పెడితే దోషం ఉంది, శాస్త్రం ప్రకారం అతను మళ్ళీ పుట్టినట్టు లెక్క అన్నారాయన. నెయ్యి రాసుకుని తలంటు పోసుకోవాలి, పసిబిడ్డకు చేసినట్టు బారసాల చేసి పేరు పెట్టుకోవాలి. ఆ తర్వాత శాస్త్రం ఇంకా ముందుకు పోతే భార్యను కూడా మళ్ళీ పెళ్ళి చేసుకోవాలట.

"అది ఒకపాలి సాలు," అంది కాంతం. రెండు రోజుల్లో ఆమె నా ఎదుట అన్న మొదటి మాట. పంతులు గారు దాన్ని మినహాయించారు. ఎల్లుండి మంచిదని ముహూర్తం పెట్టారు.

సాయంత్రం వెంకటరావు వచ్చాడు. హాల్లో ఫోటో పెడుతున్నారట, కింద ఏ పేరు రాయించాలని అడిగాడు. వదినను అడగమన్నాను. అడిగే వచ్చానన్నాడు. రెండూ రాయించమందట, సన్యాసి అన్నది పైన, పెద్ద అక్షరాల్లో.

21 ఫిబ్రవరి, మంగళవారం

స్కూలుకు వెళ్ళాను. స్టాఫ్ రూములో నేను అడుగుపెట్టగానే మాటలు ఆగిపోయాయి. ఎనిమిదో తరగతి పిల్లలు మాత్రం సంధుల దగ్గర ఆపారు సార్ అని గుర్తుచేశారు.

22 ఫిబ్రవరి, బుధవారం

పొద్దున్న ఎనిమిదింటికి బారసాల. యాభై అయిదేళ్ళ బిడ్డకు.

ఒళ్ళంతా నెయ్యి పట్టించి కాంతం తలంటు పోసింది. అవసరమైన దానికంటే గట్టిగానే రుద్దింది. కొత్త పంచె కట్టుకుని పీట మీద కూర్చున్నాను. ముందు ఇత్తడి పళ్ళెంలో, పేరు రాయడానికి బియ్యం పోశారు. పక్కింటి పిల్లలు గుమ్మంలోంచి తొంగి చూసి నవ్వుతున్నారు. నేనైనా నవ్వేవాణ్ణే.

బంగళా నుంచి కారు వచ్చింది. అమ్మను బలరామ్ చెయ్యి పట్టి దించాడు. వెనకే వదిన దిగింది. వస్తుందనుకోలేదు. లోపలికొచ్చి గోడకు ఆనుకుని కూర్చుంది. కాంతం ఆమెకు మంచినీళ్ళు ఇచ్చింది.

పంతులు గారు మంత్రాలు చదివి, బిడ్డకు పెట్టే పేరు తల్లి చెప్పాలి అన్నారు. బిడ్డ కూడా చెప్పవచ్చు, ఇక్కడ బిడ్డకు మాటలొచ్చు కాబట్టి, అని నవ్వబోయి మానుకున్నారు.

నేను చినబాబు అన్నాను. గణపతిరావు అన్న పేరు నాకు వద్దన్నాను. నేను దాన్ని గేటు దగ్గర పారేసి పోయాను. వాడు తీసుకున్నాడు. ఉత్తరాలు రాసిపెట్టాడు, ఇటుకలు మోశాడు, వేలమంది చేత దండం పెట్టించాడు దానికి. ఇప్పుడు వాడికి వాడి పేరు వచ్చింది కదా అని నేను చేతులు దులుపుకుని దీన్ని తీసుకుంటే, చేరని పనికి పెన్షన్ అడిగినట్టు ఉంటుంది. ఇదంతా అమ్మకు చెప్పాను. చెబుతుంటే ఏడుపొచ్చింది. అన్న పోయిన రోజు నుంచి రానిది అప్పుడొచ్చింది. అందరి ముందూ పీట మీద కూర్చుని ఏడ్చాను.

అమ్మ నేను తేరుకునేదాకా ఆగింది. తర్వాత జరిగి నా పక్కన కూర్చుంది.

"గణపతి అనే రాయి," అంది. "నువ్వు పాడుసేసి పారీసిన పేరు ఆడు బాగుసేసి ఇచ్చీసినాడు. ఇంక నువ్వుంచుకో."

నేను వదిన వైపు చూశాను. ఆమె తల అడ్డంగా ఊపలేదు.

అమ్మకు అక్షరాలు రావు. వేలు పట్టుకుని దిద్దించడం ఎలాగో తెలియక ఊరికే నా మణికట్టు పట్టుకుంది. రాశాను.